గట్టుమీది చెట్టు – చెలక సారము



పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలోని చెలకల స్వభావము మీకు తెలియనిది కాదు. పైని ఇసుక కలసిన యెఱ్ఱమట్టి, క్రింద మొరము. వాన వెలిసి యెండ కాయగానే పైపొర బిగిసి మొలకను రానీయదు. పది దినములు వాన తప్పినచో పైరు వాడును. నేలలో జీవపదార్థము క్షీణించుటయే దీనికి ముఖ్యకారణము. మీ భూసార పరీక్షా పత్రమును తీసి చూడుడు. సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తగ్గినచో “తక్కువ” యని వ్రాయుదురు. మన చెలకలలో పెక్కింటికి ఆ మాటయే పడుచున్నది.

పూర్వము పశువుల పెంట, చెఱువుమట్టి, కానుగ రొట్ట ఈ లోటును కొంత తీర్చుచుండెను. ఎడ్లు తగ్గుటతో పెంట తగ్గినది. ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని గట్టుమీది కానుగ, వేప, తుమ్మలను అనేకులు కొట్టివేసిరి. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నేనును కొందఱికి అట్టి సలహాయే యిచ్చితిని. అది పొరపాటని యిప్పుడు ఒప్పుకొనుచున్నాను.

చెట్టు నేలకు చేయు మేలు మూడు విధములు. పైరు వేరులు అందుకొనలేని లోతునుండి పోషకములను తీసి ఆకులలో నిలుపును. కానుగ, తుమ్మ, గిరిపుష్పము వంటి చిక్కుడు జాతి చెట్లు వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల సాయమున గాలిలోని నత్రజనిని గ్రహించును. వేపకు, నీలగిరికి ఈ గుణము లేదు. ఇక రాలిన ఆకు మట్టిలో చివికి వానపాములకు ఆహారమై, నేలను గుల్లచేసి, తేమను నిలుపును. వేరులు గట్టును పట్టియుంచి పైమట్టిని కొట్టుకొనిపోనీయవు.

“చెట్టు క్రింద చేను ఎదుగదు గదా” యని మీరడుగవచ్చును. ఆ మాట అబద్ధము కాదు. కొమ్మలు కొట్టక వదలిన చెట్టు నీడచేతను, వేరులచేతను ప్రక్క సాళ్ల పైరును కుంగదీయును. ఆకును చేనిలో వేయక వంటచెఱకుగా అమ్ముకొన్నచో, నేలనుండి తీసిన సారము ఊరు దాటిపోవును. కావున చెట్టు నాటుట సగము పని. దాని ఆకును తిరిగి చేనికి చేర్చుట తక్కిన సగము.

రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ సంస్థ రైతులతో కలసి నీటిపరీవాహక అభివృద్ధి పనులను ఆరంభించినప్పుడు గట్లమీద గిరిపుష్పమును, అనగా గ్లిరిసిడియాను, నాటించిరి. ఆ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము 700 మీటర్ల గట్టుమీది ఆకు ఏటా సుమారు 30 కిలోల నత్రజని నిచ్చును. చదరపు ఎకరము చుట్టు గట్టు 255 మీటర్లుండును గనుక 11 కిలోలు వచ్చును. అది దాదాపు అర బస్తా యూరియాలోని నత్రజనితో సమానము. యూరియా ఈయలేని జీవపదార్థము అదనపు లాభము. అయినను ఎఱువులను పూర్తిగా మానుడని నేను చెప్పను.

నాటు విధము సులభము. తొలకరి వానలకు గట్టుపై అరమీటరునకొక మొక్కను గాని, ముదురు కొమ్మను గాని పాతవలెను. తొలి యేడు కదపరాదు. రెండవ యేటినుండి నడుమెత్తున నరికి, లేతకొమ్మలను విత్తుటకు ముందొకసారి దుక్కిలో కలిపి, వానకాలపు నడుమ మరొకసారి సాళ్లమధ్య పఱచవలెను.

గట్టు ఇరువురిదైనచో ముందుగా పొరుగువానితో మాట్లాడి ఆకును పంచుకొను ఏర్పాటు చేసికొనుడు. మొక్క నాటిన తరువాత వచ్చు తగవు మొక్కనే చంపును. కౌలుదారు ఒక్కయేటి హక్కుతో చెట్టు పెంచడు. కొన్నియేండ్ల కౌలు మాట దొరకినగాని అతనికి లాభము లేదు. మొక్కలు కావలసినవారు పదుగురు కూడినచో సంఘము తరఫున ఒకేచోట నారు పెంచుకొనవచ్చును.

నా మాట నమ్మి చేనంతటను చేయనక్కఱలేదు. ఒక మడిలో మూడేండ్లు ఆకు వేసి, ప్రక్క మడిని పూర్వమువలెనే యుంచుడు. పిమ్మట రెండింటి మట్టిని పిడికిట పట్టి చూడుడు. వాన తప్పిన వారమున రెంటి పైరును చూడుడు. ఏది మేలో అప్పుడు మీరే చెప్పగలరు.