అంగడి కెక్కిన కూర్మము

పాత కుర్చీలు, వాడిన సైకిళ్లు, అద్దె యిండ్లు, వీని నడుమ నక్షత్ర తాబేలు! అంతర్జాలమందలి క్లాసిఫైడు ప్రకటనలలో నిట్టి సరకు కనబడుట క్రొత్త గాదు. వన్యప్రాణుల క్రయవిక్రయములకు తావిచ్చిన వెబ్‌సైట్లు మన దేశమున 106 కలవని 2016లోనే లెక్క తేలినది. అమ్మువాడు జంతువు పేరు తిన్నగా వ్రాయడు. “అదృష్ట తాబేలు” అనును. లేదా ఛాయాచిత్రము మాత్రము వేసి, బేరమును రహస్య సందేశములకు మరల్చును. రెండు తలల పామను పేర, ఎవ్వరికిని కీడు చేయని ఇసుకపామును లక్షలకు బేరము పెట్టు మోసగాండ్రును ఈ బాపతువారే.

నక్షత్ర తాబేలు నీటి ప్రాణి గాదు. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతముల గడ్డిబీళ్లలో, ముండ్లపొదలలో మెలగును. తొలకరి వానలకు బయటికి వచ్చి మేయును. చిప్పపై గల పసుపు చారలు ఎండుగడ్డిలో దానిని దాచుటకు ప్రకృతి యిచ్చిన ముసుగు. ఆ చారలే నేడు దాని పాలిటికి శత్రువులైనవి. పట్టణవాసులు కొందఱు అదృష్టమునకై దానిని కొని, గాజుతొట్టిలో నీరు పోసి యందు వేయుచున్నారు. అది జబ్బుపడి చచ్చుచున్నది. శ్రీకూర్మ దేవాలయమున ఈ తాబేళ్లను పోషించుచున్న జాతి యిట్లు చేయుట మాకు వింతగా నున్నది. 2015లో వెలువడిన యొక పరిశోధన ప్రకారము, మన దేశమందలి ఒక్క వ్యాపార కేంద్రమునకే ఏటేట 55,000కు తక్కువ గాకుండ ఈ తాబేళ్లు చేరుచుండెను.

చట్టము లేదనుటకు వీలు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున నాలుగవ షెడ్యూలులో నుండిన యీ ప్రాణిని 2022 సవరణ మొదటి షెడ్యూలునకు చేర్చినది. 2023 ఏప్రిలు 1 నుండి అది అమలునకు వచ్చినది. నేరము రుజువైనచో 3 మొదలు 7 ఏండ్ల కారాగారము, 25,000 రూపాయలకు తగ్గని జుల్మానా. ఇక లోప మెక్కడ?

ప్రకటనను పట్టుకొను రీతిలోనే లోపమున్నది. ఎవరో ఫిర్యాదు చేయుదురు. వెబ్‌సైటువారు ఆ ప్రకటనను చెరిపివేయుదురు. పని ముగిసినదని అందఱు తలంతురు. అమ్మువాడు మరునాడు మఱియొక పేరుతో వచ్చును. చెరిపిన ప్రకటనతోపాటు వాని ఫోను నంబరు, చిత్రము, తేదీ, ఊరు సర్వము మాయమగును. దొంగ విడిచిన అడుగుజాడలను ఇల్లుగలవాడే చీపురుతో ఊడ్చివేయుట గాదా యిది? నకలు భద్రపఱచి, 2007లో నేర్పడిన వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరోకు పంపిన పిదపనే ప్రకటనను తొలగింపవలెనని మేము కోరుచున్నాము. కోర్టుగాని ప్రభుత్వముగాని ఆజ్ఞాపించిననే తొలగించు బాధ్యత తమకు కలుగునని, ఐ.టి. చట్టము 79వ సెక్షనును, దానిపై 2015లో సుప్రీంకోర్టు చెప్పిన భాష్యమును కంపెనీలు ముందుంచవచ్చును. అది తొలగింపు మాట. నకలు దాచి అధికారులకు తెలుపవలదని ఏ సెక్షను చెప్పినది? లక్షల ప్రకటనలను చదువుట అసాధ్యమట! చెప్పులకై వెదకినవానికి నిమిషములో నూఱు జతలు చూపగల యంత్రములు తాబేటిని గుర్తింపలేవని నమ్ముటకు మేము సిద్ధముగా లేము. పత్రికలో అచ్చయిన ప్రకటనకు ప్రచురణకర్త జవాబు చెప్పుకొనవలసియుండగా, తెరపై వేసి రుసుము గడించువానికి మాత్ర మీ మినహాయింపు ఏల?

గ్రామములలో దీని మొదలున్నది. చేని గట్లపై తాబేళ్ల నేరి తెచ్చు బీదలకు దక్కునవి చిల్లర డబ్బులే, లాభము దళారులది. తమ బీళ్లలో నట్టి మనుష్యులు గోనెసంచులతో తిరుగుట చూచిన భూస్వాములు అటవీ రేంజి అధికారికి తెలుపవలెను. ఇంట తాబేలు గలవారు తమంతట తాము అడవిలో విడువరాదు. జబ్బు నచటి తాబేళ్లకు అంటింపవచ్చును గనుక అటవీశాఖకే అప్పగింపవలెను. ప్రకటనను చూచి జాలితో కొని విడిపింప దలంచువారును గలరు. వా రిచ్చు సొమ్ము దళారిని మరల చేలకు పంపును. అట్టివారు బేరమాడక, ఆ పుట నకలును, తేదీని, చిరునామాను అదే దినమున బ్యూరోకు గాని అటవీశాఖకు గాని పంపవలెను.