ఛార్జరుతో మాట కుదరనప్పుడు

ట్రాన్సిస్టరు రేడియోకు బ్యాటరీ ఎలిమినేటరు తగిలించిన గృహస్థులకు ఒక జాగ్రత్త జ్ఞాపకముండును. రేడియోకు 6 వోల్టులు కావలెనా, 9 వోల్టులు కావలెనా అని చూచి, ఎలిమినేటరు మీది మీటను మనమే తగిన అంకెకు త్రిప్పవలెను. పొరబడినచో రేడియో మాడిపోవును. నేటి టైపు-సి ఛార్జరుకు అట్టి మీట లేదు. తనకేది కావలెనో ఉపకరణమే ఛార్జరుతో మాటలాడి కుదుర్చుకొనును. ఆ మాట కుదరనప్పుడు ఏమగునో, దానిని సరిచేయుటెట్లో చెప్పుటయే మా ఉద్దేశము.

మిర్యాలగూడ ప్రాంతము సాగర్ ఎడమ కాలువ క్రింది వరికిని, రైసు మిల్లులకును పేరుపడినది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో ధాన్యపు తేమ 17 శాతమునకు మించరాదు. కనుక తేమ కొలుచు చిన్న మీటరు మీద రైతు కష్టఫలము ఆధారపడియున్నది. సూర్యాపేట యువకులు కొందరు అట్టి మీటరు నొకదానిని తయారుచేసిరి. బల్లమీద అది చక్కగా పనిచేసినది. కోదాడ వద్ద ఒక కల్లములో బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పిమ్మట ఏ టైపు-సి ఛార్జరు పెట్టినను దానికి ప్రాణము రాలేదు. మబ్బు పట్టియున్నది, ధాన్యము రాశులు పోసి రైతులు నిలుచుండిరి. ఎవరో పాత వెడల్పు మూతి ఛార్జరు తెచ్చి తగిలించగానే మీటరు లేచినది. ఈ వింతకు కారణము వెదకుటకు వారితో మేమును కూర్చుంటిమి.

టైపు-సి మూతిలో 24 కాళ్లు కలవు. వానిలో సి.సి.1, సి.సి.2 అను రెండు కాళ్లు సంభాషణకు ఏర్పడినవి. ఉపకరణము ఒక్కొక్క కాలి నుండి గ్రౌండుకు 5.1 కిలో ఓముల రెసిస్టరును చూపవలెను. ఛార్జరు దానిని గుర్తించిన తరువాతనే 5 వోల్టులు విడుదల చేయును. పాత వెడల్పు మూతి ఛార్జరు ఈ పరీక్ష చేయదు. ఎల్లప్పుడు 5 వోల్టులు ఇచ్చుచునే యుండును.

ఈ మీటరులో ఆ రెసిస్టరు ఒక చిప్పు లోపల నున్నది. చిప్పునకు విద్యుత్తు బ్యాటరీ నుండి వచ్చును. బ్యాటరీ చచ్చినచో చిప్పు పలుకదు. చిప్పు పలుకనిచో రెసిస్టరు కానరాదు. అది కానరానిచో ఛార్జరు కదలదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్లయినది. బ్యాటరీ లేకున్నను రెసిస్టరును చూపగల చిప్పులు కలవు. అట్టిదానిని అమర్చగానే చిక్కు తీరినది.

పెద్ద సంస్థలు సైతము ఇచట పొరబడినవి. 2019లో వెలువడిన రాస్ప్‌బెరీ పై 4 బోర్డులో రెండు కాళ్లకును కలిపి ఒకే రెసిస్టరు పెట్టిరి. గుర్తింపు చిప్పు గల తీగ తగిలించినచో ఛార్జరు దానిని శ్రవణ పరికరమని భ్రమించి విద్యుత్తు నిరాకరించెను. తరువాతి బోర్డులలో దీనిని సరిదిద్దిరి.

కావున లోపము వెదకువారు వరుస తప్పరాదు. మొదట 5 వోల్టులు వచ్చుచున్నవా అని చూడవలెను. మూతి ఒకవైపు పెట్టిన వచ్చి, త్రిప్పి పెట్టిన రానిచో, ఒక రెసిస్టరు అతుకు ఊడినదని అనుమానింపవచ్చును. 5 వోల్టులు వచ్చి, అంతకు మించి రానిచో, సంభాషణను పరిశీలింపవలెను. ఛార్జరు తాను ఇవ్వగలవాని జాబితాను ప్రకటించును. ఉపకరణము ఒకటి కోరును. ఛార్జరు అంగీకరించి, వోల్టేజి మార్చి, సిద్ధమని తెలుపును. జాబితాలో లేనిది కోరినచో తిరస్కారమే. 9, 15, 20 వోల్టులు సాధారణముగా దొరకును. 12 వోల్టులు అన్ని ఛార్జర్లలో ఉండవు. దానినే నమ్మి యంత్రము కట్టుట తగదు. సిద్ధమను మాట రాకముందే ఎక్కువ విద్యుత్తు లాగినను ఛార్జరు వెనుకకు తగ్గి మొదటికి వచ్చును.

ఇంటిలో ఫోను ఛార్జి కానప్పుడు ఛార్జరు చెడినదని వెంటనే పారవేయవలదు. మూతిని త్రిప్పి పెట్టి చూడుడు. వేరొక తీగతో చూడుడు. 3 ఆంపియర్లకు మించిన విద్యుత్తుకు గుర్తింపు చిప్పు గల తీగ తప్పనిసరి. తప్పు ఛార్జరుది కాక నడుమనున్న తీగదే కావచ్చును.