గేదెకు గడ్డి అరుగుతుంది, కవరు ఎందుకు అరగదు?

పోయిన ఏడు మా కేంద్రానికి చదువుకోవడానికి వచ్చే ఒక అక్క గేదె చనిపోయింది. గ్రూపులో అప్పు తీసుకుని కొన్న గేదె. పూటకు మూడు లీటర్ల పాలు ఇచ్చేది. ఉన్నట్టుండి మేత మానేసింది. నెమరు వేయలేదు. కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. పొట్ట కోసి చూస్తే లోపల అన్నీ కవర్లే. ఒకదానికొకటి చుట్టుకుని పెద్ద ఉండలా అయిపోయాయి.

గేదె పోయింది. అప్పు మిగిలింది.

తర్వాత వారం ఆ అక్క చదువుకు వచ్చి నన్ను ఒక మాట అడిగింది. "టీచరమ్మా, ఎండుగడ్డి ఎంత గట్టిగా ఉంటుంది! దాన్నే అరిగించుకునే గేదె, ఇంత పలచని కవరును ఎందుకు అరిగించుకోలేకపోయింది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ట్రైనింగులో చదివిన పుస్తకాలు మళ్ళీ తీసి చూశాను. జవాబు దొరికింది. గడ్డి, అన్నం, నూలు చీర, కవరు, ఇవన్నీ గొలుసులతో తయారైనవే. కాని గొలుసులో పూసలు వేరు. పూసకూ పూసకూ మధ్య ముడి వేరు.

గొలుసు అంటే ఏమిటి?

మన చుట్టూ ఉన్న చాలా వస్తువులు కంటికి కనపడని చిన్న చిన్న అణువులతో తయారయ్యాయి. చుక్క నీటిలో కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. వేటికవి విడిగా తిరుగుతుంటాయి. అందుకే నీళ్ళు పారతాయి. కొన్ని రకాల అణువులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని పొడుగాటి వరుస కడతాయి. గంపలో విడి మల్లెపూలను దండ కట్టినట్టు. అయితే ఇక్కడ దారం ఉండదు. పువ్వే పక్క పువ్వును పట్టుకుంటుంది. ఇలా వందలు, వేల చిన్న అణువులు కలిసిన పెద్ద అణువును పాలిమర్ అంటారు. అది గ్రీకు మాట. చాలా భాగాలు ఉన్నది అని అర్థం.

ముందు అన్నం సంగతి చూద్దాం. నీరసపడిన మనిషికి ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కిస్తారు కదా! ఆ గ్లూకోజే పూస అనుకోండి. అన్నంలోని పిండి పదార్థం ఆ పూసల గొలుసు. నమ్మకం లేకపోతే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా బాగా నమలండి. కాసేపటికి తియ్యగా అవుతుంది. మన ఉమ్మిలో కత్తెరలాంటి పదార్థం ఒకటి ఉంది. అది గొలుసును ముక్కలు చేస్తుంది. ముక్కలైతేనే తీపి తెలుస్తుంది. మనం చీరకు పెట్టే గంజిలో ఉన్నదీ ఈ గొలుసులే. ఆరిన తర్వాత అవి నూలు పోగులను అంటిపెట్టుకుంటాయి. అందుకే చీర బిరుసుగా నిలుస్తుంది.

ఇంకో వింత వినండి. గడ్డిలో, పత్తిలో ఉన్న పీచు కూడా గ్లూకోజు గొలుసే! అదే పూస. కూర్పు మాత్రం వేరు. ఒక పూస వెల్లకిలా ఉంటే పక్క పూస బోర్లా ఉంటుంది. అంత చిన్న తేడాకే మన ఒంట్లోని కత్తెర పనిచేయదు. అందుకే మనం అన్నం తిని బతుకుతాం, గడ్డి తిని బతకలేం. నిజం చెప్పాలంటే గేదెకు కూడా సొంత కత్తెర లేదు. దాని పొట్టలో మొదటి సంచిలో కంటికి కనపడని జీవులు ఉంటాయి. గడ్డి గొలుసును తెంచేది అవే. గేదె వాటికి చోటిచ్చి, మేత వేసి పోషిస్తుంది. అవి దీన్ని పోషిస్తాయి.

ఇక కవరు. కవరులో పూస గ్లూకోజు కాదు, ఇథిలీన్. ఇది ఒక వాయువు. గడ్డిలో మాగబెట్టిన మామిడికాయలు పండేది ఈ వాయువు వల్లే. కాయలే దాన్ని వదులుతాయి. ఫ్యాక్టరీలో దీన్ని ముడి చమురు నుంచో, భూమిలో దొరికే గ్యాసు నుంచో తీస్తారు.

ఇథిలీన్ అణువులో రెండు కర్బన పరమాణువులు ఉంటాయి. ఒప్పులకుప్ప ఆడే ఇద్దరు పిల్లల్లా అవి రెండేసి చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటిని గట్టిగా నొక్కి, వేడి చేసి, కొంచెం మందు కలిపితే ఒక్కో చేయి విడిపోతుంది. రెండో పట్టు అలాగే ఉంటుంది. ఖాళీ అయిన చేయి ఊరుకోదు, పక్క జంట చేతిని పట్టుకుంటుంది. ఆ జంట మరో జంటను. అలా వేల జంటలు ఒకే వరుసలో నిలబడతాయి. గాలిలాంటిది కాస్తా మైనంలాంటి గట్టి పదార్థం అవుతుంది. అదే పాలిథీన్.

దీన్ని కావాలని కనిపెట్టలేదు. 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు ఇంకేదో ప్రయోగం చేస్తుంటే పాత్రలో తెల్లని మైనంలాంటిది మిగిలింది. కవరు పుట్టి ఇంకా నూరేళ్ళు కాలేదు. గడ్డి మేసే పశువులు, వాటి పొట్టలోని జీవులు లక్షల ఏళ్ళుగా ఉన్నాయి. వాటికి గడ్డి ముడి తెలుసు. పాలిథీన్ ముడి తెలియదు. పైగా ఆ కర్బనాల పట్టు చాలా గట్టిది. అందుకే కవరు పొట్టలో అలాగే ఉండిపోతుంది. ఒకటి రెండైతే గేదె పైకి తెలియకుండానే తిరుగుతుంది. రోజూ ఒకటి చేరితే దారి మూసుకుపోతుంది. ముందే తెలిస్తే డాక్టరు ఆపరేషను చేసి తీయగలరు.

మరి గేదె కవరు ఎందుకు తింటుంది? కవరు కోసం కాదు. మిగిలిన అన్నం, కూర తొక్కలు కవరులో వేసి, ముడి వేసి దిబ్బ మీద పారేస్తాం. గేదెకు వాసన తెలుస్తుంది. ముడి విప్పడానికి దానికి చేతులు లేవు. అవి కుడితి తొట్టిలో వేస్తే ఏ గొడవా లేదు. అలాగని కవర్లను పొయ్యి రాజేయడానికి వాడకండి. ఏ ప్లాస్టిక్కులో ఏముందో మనకు తెలియదు. కొన్నింటిని కాలిస్తే విషపు పొగ వస్తుంది. అది నేరుగా వండే మనిషి ముక్కులోకే పోతుంది.

మన దేశంలో 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ చేతిసంచులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మా సంతలో అడక్కుండానే ఇస్తున్నారు!

ఆ అక్క ఇంట్లో ఇప్పుడు ఒక పడ్డ ఉంది. దాన్ని మేతకు తోలే ముందు ఆమె దిబ్బ దగ్గర కవర్లన్నీ ఏరి, గోనెసంచిలో వేసి, పంచాయతీ చెత్త బండికి ఇస్తుంది. మొన్న సంచి మోసుకుంటూ దారిలో కనిపించి అడిగింది, "టీచరమ్మా, పాల ప్యాకెట్టు కూడా ఆ ఇథిలీనేనా?" అని. అవునన్నాను. "పాలిచ్చేదాన్ని చంపేదీ, పాలు పోసేదీ ఒకటేనన్నమాట" అని సంచి భుజం మార్చుకుంది.