శ్రీనాథుడి దాహం అబద్ధమా?

పల్నాడులో ఏ అరుగు మీద కూర్చున్నా వినపడే కథ ఇది. కవిసార్వభౌముడు శ్రీనాథుడు మిట్టమధ్యాహ్నం ఎండన పడి పోతున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. ఎటు చూసినా నాపరాళ్లే తప్ప నీటిచుక్క లేదు. అంతటి కవికీ ఒళ్లు మండింది. ఎవర్ని తిట్టాలి? నెత్తిన గంగను పెట్టుకుని కూర్చున్న శివుణ్ణే పట్టుకున్నాడు. కృష్ణుడంటే కలిగినవాడు, పదహారువేలమందిని చేసుకున్నా చెల్లింది. బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరెందుకయ్యా, పార్వతి ఉందిగా, గంగను ఇలా వదులు... అని ఒక కందపద్యంలో కడిగేశాడు.

నవ్వని తెలుగువాడు లేడు. నమ్మనివాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగి, విజయనగరంలో ప్రౌఢదేవరాయల చేత కనకాభిషేకం చేయించుకున్నవాడు మంచినీళ్లకు అల్లాడతాడా? హరవిలాసం, కాశీఖండం రాసిన పరమ శైవుడు శివుణ్ణి బిచ్చగాడంటాడా? పక్కనే కృష్ణమ్మ పారుతుంటే కరవేమిటి? ఇవీ వాళ్ల ప్రశ్నలు. ఇంకొందరి ప్రశ్న మరీ తమాషాగా ఉంటుంది. గొంతెండిన మనిషికి గణాలు, యతులు, ప్రాసలు ఎలా కుదిరాయి అని! ఆశువుగా పద్యాలల్లే మనిషికి నాలుగు పాదాల కందం ఎంతసేపు?

రావడం మాట అటుంచితే, శ్రీనాథుడికి పల్నాడుతో పనేమిటన్నది అసలు చూడాల్సింది. ద్విపదలో ఉన్న పలనాటి వీరచరిత్ర ఆయనదేనని, మాచర్ల చెన్నకేశవస్వామికి అంకితమిచ్చాడని ప్రతీతి. అదీ ఆయనది కాదనే పండితులున్నారు. సరే, దాన్ని పక్కనపెట్టినా కొండవీడు ఎక్కడుంది? నరసరావుపేటకు కూతవేటు దూరంలో. అక్కడి నుంచి మాచర్ల సుమారు వంద కిలోమీటర్లు. బండి కట్టినా, పల్లకీ ఎక్కినా కొన్ని రోజుల ప్రయాణం. రాజాస్థానంలో ఎన్ని బంగారు పువ్వులు నెత్తిన కురిసినా, దారిలో తోలుతిత్తి ఖాళీ అయితే కవిసార్వభౌముడూ కాలిబాట మనిషే. ముసలితనంలో ఆయన కృష్ణ ఒడ్డున పొలం గుత్తకు పట్టి, వరదకు పంట పోగొట్టుకుని నానా అగచాట్లు పడ్డాడని కూడా చెబుతారు. అదీ చాటువుల్లోదే కదా అంటారేమో. నిజమే, దాన్ని సాక్ష్యానికి పిలవడం లేదు.

శివుడి సంగతి ఇంకా తేలిక. భక్తుడికున్నంత చనువు ఎవరికుంటుంది? తిట్టినట్టే తిట్టి పొగిడే నిందాస్తుతి మనకు కొత్తేం కాదు. గంగ నెత్తిన ఉందని గట్టిగా నమ్మినవాడే కదా ఆమెను వదలమని అడిగేది!

రాళ్ల కింద నీళ్లు

అసలు చిక్కు కృష్ణమ్మ దగ్గరే. మ్యాపులో చూస్తే పల్నాడుకు ఉత్తరాన కృష్ణ ఉంది. మాచర్ల మీదుగా చంద్రవంక, కారంపూడి పక్కన నాగులేరు ఉన్నాయి. నీళ్లకేం కొదవ అనిపిస్తుంది. వేసవిలో వెళ్లి చూస్తే తెలుస్తుంది. కృష్ణ లోతుగా, గట్ల మధ్య ఒక అంచున పారుతుంది. వాగులది వానాకాలం వైభవం. ఇక నేలంటారా, పైన పలచటి మట్టి, కింద పొరలు పొరలుగా నాపరాయి. ఇళ్ల గోడలకూ, ముంగిట పరచుకునే బండలకూ, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, మాచర్ల సిమెంటుకూ ఆధారం ఈ సున్నపురాతి పొరే. అన్నం పెట్టే రాయే నీళ్లు దాచేస్తుంది. పడిన వాన పగుళ్లలోంచి లోపలికి జారిపోతుంది. పగులు దొరికిన చోట బావి పడుతుంది. దొరకని చోట ఎంత తవ్వినా గునపాలు అరగడమే. అంటే ఒక ఊళ్లో నీళ్లుండి, పక్క ఊళ్లో ఉండకపోవచ్చు. బాటసారికి ఏ ఊరు తగిలిందన్నదే లెక్క. కథలో శ్రీనాథుడికి తగిలింది రెండోరకం ఊరు. ఇందులో అతిశయోక్తి ఎక్కడుంది?

జొన్నకూడు సంగతీ అంతే. పూతన విషపు పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, అదేం గొప్ప? చింతచిగురేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడు, నీ సత్తా తెలుస్తుంది... అని కృష్ణుడికి సవాలు విసిరే చాటువూ శ్రీనాథుడి పేరనే ఉంది. మా తిండిని, మా సీమను వెక్కిరించాడని నొచ్చుకునే పల్నాటివాళ్లున్నారు. తడి లేని మెట్టభూమిలో వరి పండదు, జొన్న పండుతుంది. దాంట్లో తప్పు పట్టేదేముంది? అప్పట్లో గతిలేక తిన్న జొన్ననే ఇప్పుడు షుగరున్నవాళ్లు వెతుక్కుని మరీ కొనుక్కుంటున్నారు. శ్రీనాథుడుంటే దీనిమీదా ఒక కందం చెప్పేవాడే.

ఈ పద్యాలు తాళపత్ర కావ్యాల్లో భద్రంగా ఉన్నవి కావు. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు ఏరి పుస్తకాల్లోకి ఎక్కించేదాకా జనం నోళ్లలోనే బతికాయి. అందుకే వీటిలో శ్రీనాథుడు చెప్పినవెన్ని, ఆయన పేరున అల్లినవెన్ని అని పండితులు సందేహించడంలో తప్పులేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో చాటువులపై తెచ్చిన ఇంగ్లిషు పుస్తకం తర్వాత, ఈ కథల్లోని కవులను జనం తీర్చిదిద్దుకున్న పాత్రలుగా చూడటం ఇంకా పెరిగింది. ఒప్పుకుందాం. కానీ ‘ఆయన అన్నాడా’ అన్నది ఒక ప్రశ్న, ‘అలా జరగడానికి వీలుందా’ అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి శాసనం కావాలి. రెండోదానికి మే నెలలో ఒకసారి మాచర్ల దారిపట్టి పోతే చాలు.

శ్రీనాథుడు అడిగిన గంగ ఐదు వందల ఏళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. 203 కిలోమీటర్ల కుడి కాలువ వెంట వరి, మిరప, పత్తి వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడితే కొండవీడు కూడా అందులోకే వచ్చింది. పల్నాడును అన్ని మాటలన్న కవిగారి కొలువు చివరికి పల్నాడు జిల్లా లెక్కలోకే చేరిందన్నమాట!

అలాగని గంగ అందరి గడపా తొక్కలేదు. సాగర్ డ్యామ్ మాచర్లకు దగ్గరే అయినా వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు మెరక పొలాలకు కాలువ నీరు ఎక్కదు. ఆ నీటికోసమే వరికపూడిసెల ఎత్తిపోతల పథకం. దానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. శ్రీనాథుడు శివుణ్ణి అడిగిందీ, ఆ మెరక పొలాల రైతులు ప్రభుత్వాలను అడుగుతున్నదీ ఒకటే... గంగను ఇటు వదలమని.