ఉప్పెన తీసిన తరువాత

1977 నవంబరు 19న వచ్చిన పెను తుఫాను చీరాల సమీపంలో తీరం దాటినప్పటికీ, అది తెచ్చిన ఘోరమైన ప్రాణనష్టం అక్కడ కాక, ఈశాన్యాన కృష్ణానది పాయల నడుమ ఉన్న దివిసీమలో జరిగింది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి గనుక, తుఫాను నడిచే దారికి కుడివైపున ఉన్న తీరం మీదికి అవి సముద్రం నుంచి నేల వైపు వీస్తాయి. దివిసీమ ఆనాడు సరిగ్గా ఆ పక్కన ఉంది. తుఫాను కేంద్రంలో వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుందన్న లెక్క చూస్తే, పీడనం తగ్గినందువల్ల మాత్రమే నీరు మీటరుకు మించి లేవడం అరుదు. దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున విరుచుకుపడిన ఉప్పెనలో అధిక భాగం గాలి నెట్టుకొచ్చిన నీరే. లోతైన సముద్రంలోనైతే అలా నెట్టిన నీరు అడుగున వెనక్కి మళ్లిపోతుంది. లోతు తక్కువైన తీరంలో అందుకు చోటు లేక పల్లపు నేల మీదికి ఎక్కుతుంది.

అధికారిక లెక్కల ప్రకారమే ఆ తుఫానులో దాదాపు 10,000 మంది మరణించారు. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని అనేకులు నమ్ముతారు. గ్రామీణ సమాజాలు విపత్తు నుంచి ఎలా కోలుకుంటాయో తెలుసుకోవాలంటే మాత్రం, ఆ రాత్రి కంటే నీరు తీసిన తరువాతి నెలలనే ఎక్కువ శ్రద్ధగా పరిశీలించవలసి ఉంటుంది.

నవంబరు నెల డెల్టాలో సార్వా వరి కోతకు వచ్చే కాలం. ఏడాది గ్రాసమూ, అప్పు తీర్చే ఆధారమూ ఒకేసారి పోవడమే కాక, పొలంలో ఉప్పు మిగిలింది. నేలలోని నీటిలో లవణసాంద్రత పెరిగితే వేరు లోపలికి నీరు చేరడం కష్టమవుతుంది. పొలం తడిగా ఉన్నా మొక్క దాహంతో ఎండుతుంది. అంతకంటే మొండి సమస్య సోడియం. అది బంకమట్టి రేణువులకు అంటుకుని వాటిని విడదీసి, నేల రంధ్రాలను పూడ్చివేయడం వల్ల నీరు ఇంకే దారి మూసుకుపోతుంది. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తొలగించి దాని స్థానంలో చేరుతుంది. ఆపై మంచినీరు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి ఆ లవణాన్ని మురుగుకాలువలోకి కడిగివేయాలి. ఉప్పును కొంత తట్టుకునే జీలుగను పచ్చిరొట్టగా పెంచి కలియదున్నడం కూడా ఇటువంటి నేలలకు మేలు చేస్తుంది. అయితే వీటన్నిటికీ పుష్కలంగా మంచినీరు కావాలి, దివిసీమ భూములేమో కాలువల చివర ఉన్న శివారు భూములు. ఏ పొలానికి ముందు నీరందుతుందన్నది రసాయనశాస్త్రం తేల్చే విషయం కాదు, ఊళ్లోని ఆస్తి, పలుకుబడి తేల్చే విషయం.

కృష్ణా డెల్టాలో 1977 నుంచి 1988 వరకు గల కాలాన్ని అధ్యయనం చేసిన పీటర్ వించెస్టర్ తన పరిశోధనలో ఈ అంశాన్నే పట్టుకున్నాడు. ఒకే ఊళ్లో, ఒకే ఎత్తు నేల మీద పక్కపక్కనే ఉన్న కుటుంబాలు ఒకే ఉప్పెనను వేర్వేరు ఆపదలుగా అనుభవించే తీరును ఆయన వివరించాడు. పక్కా ఇల్లు, రేడియో, బండి, కొంత నిల్వ ఉన్న రైతు హెచ్చరిక విని కుటుంబాన్ని తరలించగలడు. రూపాయల్లో ఆయన నష్టమే పెద్దదిగా కనిపించినా, తిరిగి వచ్చి ఇల్లు బాగుచేసుకుని, పశువులను కొని, అదను తప్పకుండా దున్నుకోగలడు. అరెకరం చెక్కా, ఒక ఎద్దూ ఉన్న కుటుంబానికి పోయినదాని విలువ తక్కువే. కానీ అదే దాని సర్వస్వం. ఊళ్లో చాలామంది పశువులు ఒకేసారి చచ్చిపోవడంతో కాడికి కిరాయి పెరుగుతుంది, దొరికేసరికి అదను దాటుతుంది, ఆలస్యంగా వేసిన పంట తక్కువ పండుతుంది, ఈలోగా తిండికి వడ్డీకిచ్చే ఆసామి ఇంటికి వెళ్లక తప్పదు. అందువల్ల ఆ కుటుంబానికి అసలైన ఆకలి తుఫాను వారంలో కాక నెలల తరువాత, సహాయక శిబిరాలు ఎత్తివేసి లోకమంతా సంగతి మరచిపోయాక మొదలవుతుంది. విపత్తు వల్ల నష్టపోయే అవకాశాన్ని, తిరిగి లేవగల శక్తి లేకపోవడాన్ని కలిపి శాస్త్రజ్ఞులు ‘దుర్బలత’ అంటారు. అది తుఫానుకు ముందే ఊళ్లో ఉంటుంది.

ఆస్తి లేనివారికి మిగిలే మరో ఆధారం మనుషుల మధ్య ఉన్న సంబంధాలు. బదులు పనులు, చేబదుళ్లు, చుట్టరికాలు, కుల పంచాయతీలు, ఊరి పెద్దకు తాలూకా ఆఫీసులో ఉన్న పరిచయం వంటివాటిని సామాజిక శాస్త్రజ్ఞులు ‘సామాజిక పెట్టుబడి’ అని వ్యవహరిస్తారు. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో పరిశోధన చేసిన డేనియల్ ఆల్‌డ్రిచ్, బలమైన ఊరి పంచాయతీలు ఉన్న మత్స్యకార గ్రామాలకు సహాయం త్వరగా, ఎక్కువగా అందిందని చూపుతూనే, ఆ పంచాయతీల జాబితాలలో దళితులకు, వితంతువులకు తరచు చోటు దక్కలేదని కూడా గుర్తించాడు. ఊరి ఐకమత్యాన్ని కీర్తించే వ్యాసాలు ఈ రెండో సగాన్ని తరచు వదిలేస్తుంటాయి.

ప్రాణాలు కాపాడే విషయంలో మాత్రం ఆంధ్ర తీరం స్పష్టమైన పాఠం నేర్చుకుంది. కింద నీరు దాటిపోయేలా స్తంభాల మీద కట్టి, మామూలు రోజుల్లో బడులుగా వాడుకునే తుఫాను షెల్టర్లు, సరుగుడు తోటలు, మెరుగైన హెచ్చరికలు వచ్చాక, 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని తాకిన తీవ్రమైన తుఫానుకు ముందు లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపు ఉండిపోయింది. ఇళ్లు, పశువులు, పంటలు మాత్రం పెద్దయెత్తున పోయాయి, ఎందుకంటే షెల్టరు మనిషిని దాచగలదు కాని గేదెను, పొలాన్ని దాచలేదు.

ప్రాణాలు దక్కాక జీవనాధారాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి కొంత ఊతం 1990ల నుంచి విస్తరించిన డ్వాక్రా మహిళా పొదుపు సంఘాల నుంచి వచ్చింది. పొదుపు, బ్యాంకు అప్పు చేతికందే మహిళకు వడ్డీ వ్యాపారి ఒక్కడే దిక్కు కాదు. కానీ ఒక ఊళ్లో అందరూ ఒకే ఆపదలో ఉన్నప్పుడు సంఘంలోని పదిమందీ వాయిదా కట్టలేని స్థితిలోనే ఉంటారు గనుక, పరస్పర పూచీ మీద నడిచే ఈ ఏర్పాటుకు బయటి నుంచి గడువు పొడిగింపో, కొత్త అప్పో రాక తప్పదు. కౌలు రైతు పరిస్థితి ఇంకా చిక్కైనది. పంట పోయేది అతనికి, పరిహారం సాధారణంగా పాసుపుస్తకంలో పేరున్నవారికి. దీన్ని సరిచేయడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకాన్ని కోరింది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని వెనుకాడిన చోట, ఉప్పెనలో మునిగిన పైరు వేసింది ఎవరో ప్రభుత్వ కాగితాల్లో కనిపించదు.