దుకాణం ముందు పార్కింగ్ ఫీజు: భారం ఎవరిది?

రోడ్డు పక్కన గీత గీసి, అక్కడ బండి నిలిపినందుకు పురపాలక సంస్థ గంటల లెక్కన డబ్బు వసూలు చేయడం పెయిడ్ పార్కింగ్. మాల్ యజమాని తన సెల్లార్‌లో తీసుకునే ఫీజు వేరు, ఇది వేరు. అక్కడి స్థలం సొంతం, ఇక్కడిది అందరిదీ. కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ సెంటర్ లాంటి వాటికి సొంత పార్కింగ్ ఉండదు. వాటి గిరాకీ అంతా ఈ అందరి జాగా మీదే నడుస్తుంది. అందుకే ఫీజు మాట వినపడగానే ముందు ఉలిక్కిపడేది చిన్న దుకాణదారులు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఈ జాగాకు పోటీ మరీ ఎక్కువ. 65వ నంబరు జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి దాకా బజార్లు బారులు తీరాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల కార్మికులు ఈ బజార్లకే వస్తారు. కంపెనీ బస్సు ఎక్కేవాళ్లు తెల్లవారుజామునే బండిని ఏదో ఒక కొట్టు ముందు పెట్టి పోతారు. షట్టరు లేచేసరికి ఆ జాగా నిండి ఉంటుంది. మిగిలిన కాస్తలో యజమాని బండి, పనివాళ్ల బండ్లు, సరుకు దింపే డీసీఎం, సవారీ కోసం నిలబడ్డ ఆటో సర్దుకోవాలి. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా ఒకే బండి కదలకుండా ఉంటే, అరగంటకొకరు చొప్పున 18 మంది కొనుగోలుదారులకు చోటు పోయినట్టే. గిరాకీని అడ్డుకునేది చాలాసార్లు ఫీజు కాదు, ఫీజు లేకపోవడమే.

పార్కింగ్ మీటరు పుట్టిందీ ఇలాంటి ఫిర్యాదుతోనే. అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ఉద్యోగులు పొద్దున పెట్టిన కార్లు సాయంత్రం దాకా తీయకపోవడంతో, కొనేవాళ్లకు చోటు లేదని వ్యాపారులు మొత్తుకున్నారు. పత్రికా సంపాదకుడు కార్ల్ మెగీ చొరవతో 1935 జులై 16న అక్కడ తొలి మీటరు పెట్టారు. గంటకు 5 సెంట్లు. కోరింది వ్యాపారులే అన్న సంగతి ఇప్పటి చర్చల్లో ఎవరికీ గుర్తు రాదు.

మన దగ్గర ఇలాంటి ఫీజు పెట్టాలంటే పురపాలక సంఘం తీర్మానం చేసినంత మాత్రాన సరిపోదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ నిలపవచ్చో స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ. జాతీయ రహదారి భూమి మీద అజమాయిషీకి 2002 నాటి చట్టం విడిగా ఉంది. కాబట్టి హైవే అంచున ఉన్న కొట్ల ముందు పురపాలక సంఘం తనకు తానుగా రసీదు పుస్తకం తెరవడానికి వీల్లేదు. సంగారెడ్డికి సొంత మున్సిపాలిటీ ఉంది. పటాన్‌చెరు మాత్రం 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. అక్కడి కొట్టు యజమాని మాట మహానగర స్థాయికి చేరాలి.

ఎంత వసూలు చేయాలన్న ప్రశ్నకు తెలంగాణలో ఒక నమూనా సిద్ధంగానే ఉంది. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో దోపిడీ మీద ఫిర్యాదులు రావడంతో పురపాలక శాఖ 2018 మార్చి 20న 63వ నంబరు జీవో ఇచ్చింది. దాని ప్రకారం మొదటి 30 నిమిషాలు ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఎంత చిన్న బిల్లు చూపినా ఫీజు లేదు. గంట దాటితే, బిల్లు మొత్తం పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువైతేనే మినహాయింపు. ఈ జీవో ప్రైవేటు స్థలాలకు సంబంధించినది, వీధికి వర్తించదు. దాని తర్కం మాత్రం వీధికీ సరిపోతుంది. మందుల షాపుకు వచ్చినవాళ్లు పది నిమిషాల్లో వెళ్లిపోతారు. వాళ్ల దగ్గర పైసా తీసుకోనక్కర్లేదు. పట్టుచీరలు, బంగారం కొనేవాళ్లు గంటకు పైగా ఉంటారు. పది, ఇరవై రూపాయలు వాళ్లకు లెక్కలోది కాదు. రోజంతా బండి పెట్టేవాళ్ల మీదే భారం పడాలి. అయితే షిఫ్టు కార్మికుడికి బస్సెక్కే చోట వేరే జాగా చూపకుండా ఫీజు పెడితే బండి పక్క గల్లీలోకి మారుతుంది, అంతే. 2024 ఆగస్టులో నాగోలు, మియాపూర్ మెట్రో స్టేషన్ల దగ్గర ఫీజు ప్రకటించగానే ప్రయాణికులు ఆందోళనకు దిగింది ఇలాంటి ఇబ్బందితోనే.

వసూలు పద్ధతి దగ్గరే చాలా ఊళ్లలో వ్యవహారం చెడుతుంది. వీధి అంగళ్ల దగ్గర వసూలు చేసే తైబజార్ లాగే పార్కింగునూ వేలం వేసి కాంట్రాక్టరుకు అప్పగించడం మామూలు. ముందే పెద్ద మొత్తం కట్టినవాడు దాన్ని రాబట్టుకోవాలి. గీత బయట నిలిపిన బండికీ చీటీ చింపుతాడు, అయిదు నిమిషాలు ఆగినా పూర్తి గంట లెక్క కడతాడు. ధరల బోర్డు, సమయం ముద్రించిన రసీదు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు లేనిచోట ఉచిత అరగంట కాగితం మీదే ఉంటుంది.

వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుందన్నది వ్యాపారులకు మరింత ముఖ్యం. కాలిఫోర్నియాలోని ఓల్డ్ పాసడీనాలో మీటర్లను మొదట వ్యతిరేకించింది దుకాణదారులే. ఆదాయమంతా ఆ వీధుల కాలిబాటలకు, దీపాలకు, శుభ్రతకే ఖర్చు పెడతామని నగరం ఒప్పుకున్నాక 1993లో మీటర్లు వచ్చాయి. పార్కింగ్ అర్థశాస్త్రంలో పేరున్న డొనాల్డ్ షూప్ ఈ ఉదాహరణను పదేపదే చెప్పేవారు. మన మున్సిపాలిటీల్లో ఇలాంటి ఆదాయం సాధారణ నిధిలో కలిసిపోతే, ఏ వీధి కట్టిందో ఆ వీధికి డ్రైనేజీ మూత కూడా రాకపోవచ్చు.

గీతలు గీసే ముందే తేల్చాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. సరుకు దింపే బండ్లకు పొద్దున ఒక సమయం కేటాయించాలి. తోపుడుబండ్లవాళ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఉంది; సర్వే చేయకుండా, ధ్రువపత్రాలు ఇవ్వకుండా వాళ్లను లేపేసి ఆ జాగాను కార్లకు ఇవ్వడం కుదరదు. పార్కింగ్ చూపించి అనుమతి పొందిన భవనాల్లో సెల్లార్లు గోదాములుగా, షాపులుగా మారి ఉంటే, ముందు వాటిని ఖాళీ చేయించాలి.