గట్టెక్కకుండానే అవతలికి

వేసవిలో ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగిపోతుంది కదా, అదే పుష్యమాసంలో పొద్దెక్కినా లేవదేం? పిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల ఒంట్లో జరిగేవీ రసాయన చర్యలే. కాస్త వేడి తగిలితే అవి జోరందుకుంటాయి. ఎంత వేడికి ఎంత జోరో 1889లో అర్హీనియస్ అనే స్వీడన్ దేశస్థుడు లెక్కగట్టాడు.

మన వరిమళ్ళ మధ్య గట్టుంటుందే, చాలా చర్యలకి మధ్యలో అలాంటి అడ్డొకటి ఉంటుంది. గట్టంత ఎత్తుకి లేస్తేగాని నీళ్ళు పక్క మడిలోకి పొర్లవు; చర్యలో అలా పైకి లేపేది వేడి. మరి ఆ గట్టు ఎత్తెంతో కాగితం మీదే తేల్చగలమా? 1931లో బెర్లిన్‌లో ఐరింగ్, పొలాన్యీ అనే ఇద్దరు పట్టుబట్టి కూర్చున్నారు. ఒంటరి హైడ్రోజన్ పరమాణువు ఒకటి వచ్చి, జతగా ఉన్న రెండు హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకదాన్ని తోసేసి రెండోదానితో జతకట్టడం, అంతే వాళ్ళు తీసుకున్న చర్య. ఇంతకన్నా చిన్నది లేదు. క్వాంటం సూత్రానికి కొంత ప్రయోగాల సమాచారం జోడించి, గట్టు పటం గీసేశారు!

అయితే మీరు చూసే ఉంటారు, నీళ్ళు పొర్లకపోయినా గట్టు కిందనుంచి పక్క మడిలోకి ఊరుతుంటాయి. హైడ్రోజనూ అంతేనర్రా! నీళ్ళకైతే బొరియలు కావాలి, పరమాణువుకి అదీ అక్కర్లేదు. అది తరంగం కూడాను. అడ్డు తగలగానే ఆగిపోదు, సన్నగిల్లుతూ లోపలికి సాగుతుంది. గట్టు పలచనైతే అవతల కొంత తేలుతుంది. ఈ ఊటకి 1932లో విగ్నర్ అనే శాస్త్రవేత్త సూత్రం చెప్పాడు. ఆ బుల్లి చర్యకి నిజంగా జరిగినట్టే మూడు దిక్కులా పూర్తి క్వాంటం లెక్క కట్టడానికి మాత్రం 1970ల నడిమిదాకా, కంప్యూటర్లు తగినంత బలం పుంజుకునేదాకా ఆగాల్సొచ్చింది.

నాకు మహా ఇష్టమైన సంగతి ఇంకోటుంది. హైడ్రోజన్‌లో తొమ్మిదోవంతు బరువుండే మ్యుయోనియం అనే పరమాణువుంది. హైడ్రోజన్‌కి నాలుగు రెట్లు తూగుతూ, అచ్చం దానిలాగే మసలే మ్యుయాన్ హీలియమూ ఉంది. రెంటిచేతా ఇదే చర్య జరిపించి, వేగాలు పోల్చి 2011లో ప్రకటించారు. తేలికదే ముందు ఊరిపోతుందనుకుంటాం కదూ? అదే వందల, వేల రెట్లు నెమ్మది! అంత తేలికది బంధంలో పడితే ఎంత చల్లార్చినా కుదురుగా ఉండదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుకి కావలసిన శక్తి గట్టునే ఎత్తు చేసేస్తుంది. ఊట ఎంతున్నా ఆ ఎత్తు ముందు చాలదు. 227 డిగ్రీల వేడి దగ్గర ఈ చర్య వేగానికి క్వాంటం లెక్కలో వచ్చిన అంకె, ప్రయోగశాలలో కొలిచిన అంకె చక్కగా సరిపోయాయి.